ఊరి పేరు గడి

నోటుబుక్కులో నిలువు గీతలు గీశాను.
పేరు. పుట్టిన ఏడు. పోయిన ఏడు. ఊరు.
మొదటి మూడు గడులూ
ఉల్చాల రోడ్డు ఇంట్లో టీ చల్లారేలోపు నిండినాయి.
నాలుగోది
మూడేళ్ళయినా నిండలేదు.

జేజినాయన పెద్ద కాశింసాబు,
దూదేకే విల్లు భుజానేసుకొని ఊరూరా తిరిగినవాడు,
పుట్టింది మాత్రం ఒక్క ఊళ్ళోనే కదా.
కాగితాలు ఒప్పుకోవు.
శిస్తు రసీదులో తంగడిదిన్నె.
ఖాజీ పుస్తకంలో, చదివిపెట్టినాయన నోట, తంగర్దిన్ని.
దొరల కాలం పటంలో టుంగడడిన్నీ,
గుర్రం దిగకుండా విన్నట్టు.

పై వరస సంగతి అడగొద్దు.
మద్రాసు, ఆంధ్ర, ఆంధ్రప్రదేశ్:
ఊరు మారకుండానే
మూడు రాష్ట్రాల్లో కాపురం చేసినాడు.
మొన్నటికి మొన్న మా పెదనాయన కొడుకు
కర్నూలు జిల్లాలో పండుకొని
నంద్యాల జిల్లాలో లేచినాడు,
అదే నులకమంచం మీద.

ఇరవై రెండేళ్ళు రిజిస్ట్రారాఫీసులో
దస్తావేజులకు నకళ్ళు రాసిన చెయ్యి నాది.
ఒక్క సున్నా జారితే
చేను మనిషి మారుతుందని తెలిసిన చెయ్యి.
అట్ట లోపల ఎర్ర సిరాతో రాసుకున్నాను:
పుట్టిననాడు ఏమని పిలిచినారో అదే ముందు.
ఇప్పటి పేరు దాని కింద.
ఒక ఊరికి ఒకే రాత, ఏ పేజీలో అయినా.
ఊరు, తాలూకా, జిల్లా, ఈ వరసే.
తెలియనిచోట ఖాళీ. ఊహ వద్దు.

ఆ నియమం పట్టుకొని
దస్తగిరమ్మత్త ముందు కూచున్నాను.
"యాడ పుట్నావత్తా?"
"తంగెడదిన్నె."
"మీ చిన్నమ్మి?"
"తంగెడదిన్నె."
ఒకే రాత. ఒకే వరస.
కింద గీత కొట్టబోతుంటే
అత్త వక్క నమలడం ఆపింది.
"రెండూ ఒగటి గాదు పాపా.
నాది నీళ్ళ కింద ఉండాది."

శ్రీశైలం నీళ్ళు.
"ఆఫీసర్లు తారీకు చెప్పినారు,
నీళ్ళు తారీకు చూసుకోలే."
లారీలో విల్లు, గడ్డపార, పీకిన తలుపులు,
అన్నిటికన్నా పైన
ఊరి పేరు రాసిన పసుపుపచ్చ బోర్డు.
ఎవడో ఎక్కించినాడంట.
పన్నెండు మైళ్ళ అవతల రాళ్ళ బీడులో
మొదట పాతింది దాన్నే.
పేరు ముందొచ్చింది.
ఊరు ఇంకా వస్తూనే ఉంది.

నందికొట్కూరు సంతలో
ఆ పేరుతో దాన్నెవరూ పిలవలేదు.
ముంపోళ్ళ కాలనీ అన్నారు.
నా ఎర్ర సిరా ప్రకారం
అత్త కూతురు పుట్టింది అక్కడ.
రాయబోతే కలం ఆగింది.

ఏప్రిల్లో నీళ్ళు దిగినాక
తీసుకుపొమ్మంది.
బీటలిచ్చిన ఒండ్రు మీద
చెప్పులు చేతబట్టుకొని నాకన్నా ముందు నడిచింది.
గోడల్లేవు. బురుజు లేదు.
ఒకచోట ఆగి
బొటనవేలితో గీత గీసి "ఇది మా గడప" అంది.
కొంచెం దక్షిణానికి, ఒక రాయి.
"మా నాయన గోరీ."
చెక్కిన అక్షరాలు నీళ్ళు తిన్నాయి.
వేలితో తడిమితే ఒక్క సున్నా తగిలింది.
కాశింలోదో
తంగెడదిన్నెలోదో.

ఇప్పుడు నా పుస్తకంలో రెండు తంగెడదిన్నెలు.
ఒకదాని కింద: నందికొట్కూరు తాలూకా, కర్నూలు జిల్లా, మునిగినది.
ఇంకోదాని కింద: కొత్తది.
పక్కన పెన్సిలుతో, ముంపోళ్ళ కాలనీ.
చెరిపితే చెరిగేటట్టే రాశాను.
చెరపలేదు.

జేజి మాబున్నీ గడి ఖాళీ.
ఏటవతల నుంచి వచ్చిందంటారు,
అంతకుమించి ఎవరికీ తెలియదు.
"అవతలంటే యాడత్తా, ఎంత దూరం?"
"అప్పుడైతే పిలిస్తే పలికేంత.
ఏరు పెరిగింది గదా పాపా,
ఇప్పుడు చానా దూరం."